తరుణవీరుని పరీక్ష

బాల్యమున మనుజుడు పెద్దల మాటను ఊతగా గొని నడచును. ఇది చేయుమనిన చేయును, వలదనిన మానును. ఆ నడక తేలికయైనది. తప్పు జరిగినను దాని భారము చెప్పినవారిదే కాని చేసినవానిది కాదు. అయినను ప్రతివాని జీవితమునను ఒక దినము వచ్చును. ఆ దినమున పెద్దలు చెప్పు మాట యొకటి, తన యంతరంగము చెప్పు మాట మరియొకటి యగును. అప్పుడేమి చేయవలెనో తానే నిర్ణయించుకొనవలెను; చేసినదాని ఫలమును తానే యనుభవింపవలెను. మీసము మొలచిన దినమున కాదు, ఆ దినమున బాలుడు పురుషుడగును.

ఈ విషయమును ఇతివృత్తముగ గొని సుమారు 2400 సంవత్సరములకు పూర్వము గ్రీకు దేశమున ఒక మహాకవి నాటకమును రచించెను. ఆ కవి సొఫొక్లీసు. ఆ నాటకము 'ఫిలోక్టెటీసు'. నాటకమునకు పెట్టిన పేరు వ్యాధిపీడితుడైన ఒక వృద్ధవీరునిది. కాని అందు పరీక్షకు నిలిచినవాడు మాత్రము నూనూగు మీసముల యువకుడు.

సొఫొక్లీసు క్రీ. పూ. 496 ప్రాంతమున ఎథెన్సు నగరమునకు సమీపమున నున్న కొలోనసు అను గ్రామమున జన్మించెను. అతని తండ్రి ఆయుధములను చేయించి విక్రయించు ధనికుడు. క్రీ. పూ. 480లో గ్రీకులు సలామిసు దగ్గర జరిగిన సముద్రయుద్ధమున పారసీక నౌకాబలమును ఓడించిరి. అప్పటికి సొఫొక్లీసునకు పదునైదు, పదునారేండ్ల ప్రాయము. ఆ విజయోత్సవమున పాడిన బాలుర బృందమునకు అతడే నాయకుడుగా నుండెనని ప్రాచీనులు చెప్పుదురు. క్రీ. పూ. 468లో జరిగిన నాటకపోటీలో అతడు ఎస్కిలసు అను ప్రసిద్ధకవిని మించి ప్రథమబహుమానమును గడించెను. తరువాత అరువది యేండ్లకు పైగా నాటకములు వ్రాయుచునే యుండెను. అతడు రచించిన నాటకములు నూటయిరువదికి పైబడినవి. వానిలో సంపూర్ణముగ నేడు మనకు లభించునవి ఏడు మాత్రమే. కవిత్వముతోనే కాలము గడపక అతడు నగరపాలనయందును పాల్గొనెను. పెరిక్లీసు అను మహానాయకునితోపాటు సేనాధిపతిగ కూడ ఎన్నికయ్యెను. కావున రాజ్యమునకు కావలసిన యుక్తులును, మనుష్యునకు కావలసిన ధర్మమును ఒకదానితో నొకటి పెనగులాడుట అతడు పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు, కన్నులార చూచినది.

ఆ కాలమున ఎథెన్సులో నాటకము కేవలము వినోదము కాదు. ఏటేట వసంతకాలమున డయొనీససు అను దేవుని ఉత్సవము జరుగుచుండెను. ఆ యుత్సవమునందే నాటకములు ప్రదర్శింపబడుచుండెను. మన పల్లెలలో వీథినాటకము రాత్రివేళ దివిటీల వెలుగులో నడచెడిది. గ్రీకుల నాటకము అట్లు కాక, పట్టపగలు కొండవాలున ఆరుబయట నడచెడిది. వేలకొలది ప్రేక్షకులు మెట్లుమెట్లుగ కూర్చుండి చూచుచుండిరి. మాటలాడు నటులు ముగ్గురే. వారే బొమ్మముఖములు మార్చుకొనుచు అన్ని పాత్రలను ధరించెడివారు. స్త్రీపాత్రలను కూడ పురుషులే ధరించెడివారు. పదునైదుగురు గాయకులు ఒక బృందముగ నిలిచి ఆడుచు పాడుచు కథలోని సుఖదుఃఖములను వ్యాఖ్యానించెడివారు.

ఆ యుత్సవమున నాటకములు మొదలగుటకు ముందు మరియొక దృశ్యము ప్రేక్షకుల కన్నులయెదుట నిలుచుచుండెను. యుద్ధములలో మడిసిన వీరుల కుమారులను నగరమే తన ఖర్చుపై పెంచుచుండెను. వారు ప్రాప్తవయస్కులైనప్పుడు నగరము వారికి కవచాయుధములను బహూకరించి రంగస్థలమున సభ్యులయెదుట నిలుపుచుండెను. తండ్రులు నగరముకొరకు ప్రాణము లిచ్చిరి. తనయులు ఇకమీదట నగరమునకు యోధులు కావలెను. ఇది ఆ దృశ్యమునకు అర్థము. ఆ బాలురను చూచి ఎందరు తల్లులు కన్నీరు నించిరో, ఎందరు వృద్ధులు గర్వించిరో ఊహింపవచ్చును.

'ఫిలోక్టెటీసు' నాటకము క్రీ. పూ. 409లో ప్రదర్శింపబడెను. అప్పటికి ఎథెన్సునకును స్పార్టాకును యుద్ధము మొదలై ఇరువదిరెండేండ్లయ్యెను. నాలుగేండ్ల క్రిందటనే సిసిలీ ద్వీపముపై దండెత్తిన ఎథెన్సు సేన సర్వనాశనము పొందెను. నగరమున తండ్రి లేని బిడ్డలు పెక్కుమంది యుండిరి. ఎట్లయిన గెలువవలెను, గెలుపునకు ఏ యుపాయమైనను తగునను మాట సభలలో వినవచ్చుచుండెను. ఎనుబదియేడేండ్ల వృద్ధకవి అట్టి సమయమున తండ్రి లేని ఒక యోధకుమారుని రంగస్థలముపై నిలిపి, ఎట్లయిన గెలుచుట తగునా యని వానిచేతనే ప్రశ్నింపజేసెను. ఆ నాటకమునకు ప్రథమబహుమానము లభించెను.

కథ ట్రాయ్ యుద్ధకాలమునకు సంబంధించినది. గ్రీకువీరులు ట్రాయ్ నగరముపైకి ఓడలలో పోవుచుండిరి. వారిలో ఫిలోక్టెటీసు ఒకడు. అతనియొద్ద గురి తప్పని విల్లొకటి యుండెను. అది మహావీరుడైన హెరాక్లీసుది. హెరాక్లీసు ఘోరమైన బాధతో చితి నెక్కినప్పుడు ఆ చితికి నిప్పంటించి ఉపకరించినందులకు ఫిలోక్టెటీసునకు లభించిన కానుక. మార్గమధ్యమున ఒక దేవతాస్థలమున సర్పము అతని పాదమును కాటు వేసెను. పుండు మానలేదు. దాని దుర్గంధమును, అతని యార్తనాదములను సహింపలేక, దేవతారాధనకు భంగము కలుగుచున్నదను నెపమున, గ్రీకు నాయకులు అతనిని విడిచిపోవ నిశ్చయించిరి. అతడు నిద్రించుచున్నవేళ లెమ్నాసు ద్వీపమున ఒక నిర్జనప్రదేశమున దింపి, కొన్ని చినిగిన బట్టలును కొంత ఆహారమును ప్రక్కన పెట్టి, ఓడలను సాగించిరి. ఆ పని చేయించినవాడు ఒడిస్సియసు. అతడు గ్రీకులలో మిక్కిలి యుక్తిపరుడు.

పదియేండ్లు గడచెను. ట్రాయ్ లొంగలేదు. గ్రీకులలో మేటివీరుడైన అకిలీసు హతుడయ్యెను. అప్పుడు చెరపట్టబడిన ట్రోజను జ్యోతిష్కుడొకడు, ఫిలోక్టెటీసు తన విల్లుతో వచ్చిననే కాని నగరము పడదని చెప్పెను. పదియేండ్ల క్రిందట పనికిరాడని పారవేసిన మనుష్యుడే నేడు కావలసివచ్చెను. కాని వానిని పిలుచుట కెవరు పోగలరు? ఒడిస్సియసు కనబడిన తోడనే అతడు బాణము సంధించును. అది తప్పిపోవు బాణము కాదు. కావున ఒడిస్సియసు అకిలీసు కుమారుడైన నియొప్టాలెమసును వెంట బెట్టుకొని లెమ్నాసు చేరెను. ఆ పేరునకు 'నూతన యోధుడు' అని అర్థము. ఆ బాలుడు తండ్రిని ప్రాణములతో చూచి యెరుగడు; మరణించిన తరువాతనే చూచెను.

నాటకము ఇక్కడ ప్రారంభమగును. నియొప్టాలెమసు ఒక కొండగుహను కనుగొనును. లోపల మనిషి పండుకొన్నందున అణగిన ఆకుల పడక, మోటుగ చెక్కిన కొయ్యగిన్నె, నిప్పు రాజేయు రాళ్ళు, చీము నెత్తురులతో తడిసి ఎండవేసిన గుడ్డపీలికలు కనబడును. పదియేండ్ల సంసారమంతయు అంతే. ఈ కొలది వస్తువులతోనే కవి ఆ దురదృష్టవంతుని జీవితమును మన కన్నులకు కట్టించినాడు.

అప్పుడు ఒడిస్సియసు తన పన్నాగమును బయటపెట్టును. నియొప్టాలెమసు ఫిలోక్టెటీసు నెదుట నిలిచి, గ్రీకు నాయకులు తన తండ్రి కవచమును తనకీయక ఒడిస్సియసు కిచ్చి యవమానించిరని, అందుచే అలిగి యింటికి పోవుచున్నానని కల్లలాడవలెను. ఒడిస్సియసును ఎంత తిట్టినను తప్పులేదు. ఆ విధముగ నమ్మించి విల్లును అపహరింపవలెను. ఈ మాట వినగనే ఆ బాలుడు జంకును. వంచన తన స్వభావము కాదని, తన తండ్రి స్వభావమును కాదని చెప్పును. బలముతోనైనను, మంచిమాటతోనైనను తీసికొనిపోవుదము కాని మోసముతో వలదనును. అధర్మముతో గెలుచుటకంటె ధర్మముతో ఓడుట మేలని అతని యభిప్రాయము.

ఒడిస్సియసు కోపింపడు, గద్దింపడు. అతని నేర్పంతయు ఇందున్నది. తానును చిన్ననాడు అట్లే తలంచితినని, చేయి ముందు, నాలుక వెనుక అని నమ్మితినని, అనుభవము మీద లోకమును నడపునది నాలుకయే యని తెలిసికొంటినని చెప్పును. ఈ యొక్క దినమున కొంచెముసేపు సిగ్గు విడిచిన చాలును, ఆ మీదట బ్రతుకంతయు పుణ్యాత్ముడుగ నుండవచ్చునని ఓదార్చును. తుదకు ఆశ చూపును: విల్లు దొరకినచో ట్రాయ్ నగరమును పడగొట్టిన కీర్తి నీదే యనును. బాలుని మనస్సు చలించును. అట్లే చేసెద నని ఒప్పుకొనును.

ఇక్కడ కవి మనుష్యస్వభావమును ఎంత నిశితముగ పరికించెనో గమనింపవలెను. పసివారు చెడుదారిని పట్టుట తరచుగ చెడ్డవాని బెదిరింపువలన కాదు, పెద్దమనిషి బుజ్జగింపువలన. 'ఈ ఒక్కసారికి' అను మాటవంటి ప్రమాదకరమైన మాట మరియొకటి లేదు.

ఫిలోక్టెటీసు కుంటుచు ప్రవేశించును. ఏండ్ల తరబడి మనుష్యుని మొగము చూడని ఆ యభాగ్యుడు కోపింపడు, సందేహింపడు. తన మాతృభాష చెవిని బడగనే ఆనందముతో పొంగిపోవును. ఆ బాలుడు అకిలీసు కుమారుడని తెలిసి బిడ్డనువలె ఆదరించును. తన కథ చెప్పుకొనును. నిద్ర లేచి చూడగా ఓడలన్నియు వెడలిపోవుట, తీరమున ఒక్కడును లేకుండుట, విల్లుతో పక్షులను కొట్టి కుంటుచు దేకుచు వానిని తెచ్చుకొనుట, చలికాలమున రాతితో రాయి కొట్టి నిప్పు పుట్టించుకొనుట, అన్నియు వర్ణించును. నియొప్టాలెమసు తాను నేర్చిన కల్లను పాఠమువలె ఒప్పగించును. ఫిలోక్టెటీసు ఒక్కమాటనైనను శంకింపడు. తనను కూడ ఓడలో చేర్చుకొని తన యింటికి జేర్చుమని, ఓడలో ఏ మూలనైనను పడియుందునని మోకరిల్లి వేడుకొనును. బాలుడు సరేయనును. మోసము ఫలించుచున్నది. కాని మోసము చేయువాని మనస్సున అప్పటికే ముల్లు నాటుకొన్నది.

ఇంతలో ఫిలోక్టెటీసునకు వ్యాధి తిరుగబెట్టును. బాధతో మెలికలు తిరుగుచు, తనకు స్పృహ తప్పునని యెరిగి, అతడు ప్రాణప్రదమైన విల్లును నియొప్టాలెమసు చేతికిచ్చును. ఎవరికిని ఈయవలదని కోరును. నీచేత ప్రమాణము చేయింపను, చేతిలో చేయి వేసిన చాలును అని చెప్పి నిద్రపోవును. వచ్చిన పని ముగిసినది. విల్లు చేత నున్నది. యజమాని నిద్రలో నున్నాడు. ఓడ సిద్ధముగ నున్నది. పదియేండ్ల క్రిందట గ్రీకు నాయకులు అతనిని విడిచిపోయినది కూడ ఇట్టి నిద్రవేళనే. నావికులు ఇదే సమయమని తొందరపెట్టుదురు. అయినను నియొప్టాలెమసు కదలడు.

ఎందువలన కదలడు? అంతకుముందు అతనికి వంచన తగదని తెలిసినది మాటగా మాత్రమే. తండ్రి కీర్తిని విని, వంశగౌరవమును తలచి చెప్పిన మాట అది. అట్టి మాట ఆశ యెదుట నిలువలేదు. ఇప్పుడు అతడు ఒక మనుష్యుని బాధను కన్నులతో చూచెను. ఆ మనుష్యుడు తన్ను నమ్మి చేయి పట్టుకొనెను. పుస్తకమున నేర్చిన నీతి ఇప్పుడు రక్తమున ప్రవహించెను. ఫిలోక్టెటీసు మేలుకొని, తన్ను విడిచిపోనందులకు ఆశ్చర్యపడి దీవించును. ఆ దీవన బాలునకు దెబ్బవలె తగులును. ఇప్పుడేమి చేయుదునని అతడు తల్లడిల్లును. మనుష్యుడు తన సహజగుణమును విడిచి తనకు తగని పని చేసినప్పుడు సర్వమును రోతపుట్టించునని చెప్పి, నిజమును ఒప్పుకొనును. తాము పోవునది యింటికి కాదు, ట్రాయ్ నగరమునకే యని తెలుపును.

నిజము చెప్పుటతోనే పరీక్ష ముగిసినదా? లేదు. విల్లు ఇంకను అతని చేతిలోనే యున్నది. ఫిలోక్టెటీసు ఏడ్చును, తిట్టును, వేడును. బాలుడు తిరిగి యీయబోవు సమయమునకు ఒడిస్సియసు వచ్చి అడ్డుపడును. నియొప్టాలెమసు విల్లుతో అతనివెంట పోవును. తప్పు ఒప్పుకొనినంత మాత్రమున తప్పు దిద్దుకొనినట్లు కాదని కవి చూపుచున్నాడు. పశ్చాత్తాపము తేలిక, దొంగిలించిన వస్తువు నిచ్చివేయుట కష్టము.

కొంతసేపటికి నియొప్టాలెమసు వేగముగ తిరిగివచ్చును. వెనుక ఒడిస్సియసు పరుగెత్తుచు కారణమడుగును. చేసిన తప్పును సరిదిద్దుటకు పోవుచున్నానని బాలుడు బదులు చెప్పును. ఒడిస్సియసు గ్రీకుసేన యంతయు నిన్ను శిక్షించునని బెదిరించి కత్తిపై చేయి వేయును. బాలుడును కత్తిపై చేయి వేయును. ఒడిస్సియసు వెనుదీయును. నాటకారంభమున సరేయని తల వంచిన బాలుడే యిప్పుడు తల యెత్తి నిలిచినాడు. ప్రాయము మారలేదు, ఒక్క దినము కూడ గడువలేదు. మారినది మనస్సు.

అతడు విల్లును ఫిలోక్టెటీసు కిచ్చివేయును. ఆ తరువాత స్నేహితునివలె ఉన్న విషయమును దాచక చెప్పును. ట్రాయ్ నగరమున వైద్యులు నీ పుండును మాన్పుదురు; నీకు కీర్తి కలుగును; కోపమును పట్టుకొని నిన్ను నీవే నాశనము చేసికొనకుము అని హితము బోధించును. సత్యమైన ఈ హితవును ఫిలోక్టెటీసు నిరాకరించును. తన్ను పారవేసినవారికి తాను సాయపడజాలడు. ఇంటికి జేర్చెదనన్న మాట నిలబెట్టుకొమ్మని మాత్రము కోరును.

ఇదియే ఆ యువకునికి కడపటి పరీక్ష. మాట నిలుపుకొనినచో ట్రాయ్ విజయము లేదు, కీర్తి లేదు, గ్రీకుసేన పగబట్టి అతని దేశముపై దండెత్తవచ్చును. కల్లగా నాడిన మాటయే కదా, దానిని నిలుపుకొననేల యని వాదింపవచ్చును. కాని నియొప్టాలెమసు అట్లు వాదింపలేదు. పోదము రమ్మని ఫిలోక్టెటీసునకు భుజము నిచ్చి నడిపించును. మోసముగ నాడిన మాటను సత్యము చేయుటకై తన యాశలన్నింటిని విడిచినాడు. హరిశ్చంద్రుని కథను విని పెరిగిన తెలుగు బాలునకు ఈ ఘట్టము పరాయిదిగ తోచదు. ఆడిన మాటకై సర్వస్వమును విడుచుట ఏ దేశమువారికైనను అర్థమగు గొప్పతనమే.

అంత హెరాక్లీసు దివ్యరూపమున పైభాగమున ప్రత్యక్షమగును. తానును కష్టములు పడియే కీర్తి నందితినని చెప్పి, ఇరువురిని ట్రాయ్ నగరమునకు పొమ్మని ఆజ్ఞాపించును. జంటసింహములవలె ఒకరినొకరు కాచుకొనుడని హెచ్చరించును. నగరమును జయించునప్పుడు దేవతలయెడ భక్తిని విడువవలదనియు చెప్పును. ఫిలోక్టెటీసు తనకు పదియేండ్లు ఆశ్రయమిచ్చిన గుహకును, నీటియూటలకును, సముద్రతీరమునకును వీడ్కోలు చెప్పి ఓడ నెక్కును.

నాటకమున ఇరువురు పెద్దలు ఆ తండ్రి లేని బాలునకు తండ్రివంటివారు కాజూచిరి. ఇరువురును అతనిని బిడ్డా యని పిలిచిరి. ఒకడు లోకజ్ఞానము బోధించెను, కీర్తిని చూపెను. రెండవవాడు ఏమియు బోధింపలేదు. తన బాధను చూపి, తన నమ్మకము నిచ్చెను. ఒడిస్సియసు కేవలము దుష్టుడని తలపరాదు. అతడు కోరినది స్వలాభము కాదు, సేనయొక్క విజయము. పదియేండ్ల యుద్ధము ముగియవలెనని అందరును కోరుచుండిరి. అతని వాదమున బలమున్నది గనుకనే పరీక్ష కఠినమైనది. తప్పు తప్పువలె కనబడినచో దానిని విడుచుటలో గొప్ప యేమున్నది?

సొఫొక్లీసు యువజనులను గూర్చి ఆలోచించుట ఇదియే మొదలు కాదు. అంతకు ముప్పదియేండ్లకు పూర్వమే అతడు 'యాంటిగొని' అను నాటకమును రచించెను. అందు యాంటిగొని అను రాజకన్య యుద్ధమున మరణించిన తన యన్నకు అంత్యక్రియలు జరుపును. అతడు దేశద్రోహి, అతని శవమును పూడ్చరాదని ఆమె మేనమామయు రాజునైన క్రియోను శాసించియుండెను. ఆమె శాసనమును ధిక్కరించి, దాచక ఒప్పుకొని, మరణశిక్షకు లోనగును. చెల్లెలు ఇస్మీనె మొదట భయపడి వెనుదీయును; అక్క పట్టుబడిన తరువాత తానును శిక్షలో భాగము పంచుకొందునని ముందునకు వచ్చును. ధైర్యము కొందరికి మొదటనే కలుగును, కొందరికి ఆలస్యముగ కలుగును.

ఆ నాటకముననే క్రియోను కుమారుడైన హేమను యాంటిగొనిని పెండ్లాడవలసినవాడు. అతడు తండ్రియెదుట నిలిచి వినయముతోనే మాటలాడును. నగరప్రజలు లోలోపల ఆమెను మెచ్చుకొనుచున్నారని తెలుపును. వరదలో వంగిన చెట్టు నిలుచును, వంగని చెట్టు వేళ్ళతో పెకలిపోవునని దృష్టాంతము చూపును. ఈ వయస్సున పసివానియొద్ద బుద్ధి నేర్చుకొందునా యని క్రియోను మండిపడును. వయస్సును కాక మాటలోని న్యాయమును చూడుమని కుమారుడు వేడుకొనును. బాలుడు చెప్పినను మంచిమాటను గ్రహింపవలెనని మన పెద్దలు కూడ చెప్పుదురు. క్రియోను గ్రహింపలేదు. తుదకు యాంటిగొనిని, కుమారుని, భార్యను కోలుపోయి ఒంటరిగ మిగులును. ఒక నాటకమున పెద్దవాడు చిన్నవానిమాట వినక చెడెను. రెండవనాటకమున చిన్నవాడు పెద్దవానిమాట విని చెడబోయి, తన్ను తాను రక్షించుకొనెను.

ఈ నాటకములు పాతబడిపోలేదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్షను ఎదిరించి రాబెన్ ద్వీపపు చెరసాలలో నుండిన రాజకీయఖైదీలు 'యాంటిగొని'ని ప్రదర్శించిరి. అందు క్రియోను పాత్రను ధరించినవాడు నెల్సన్ మండేలా. ఆయన 1994లో ఆ దేశమునకు అధ్యక్షుడయ్యెను. ఐర్లండు కవి షేమస్ హీనీ 'ఫిలోక్టెటీసు'ను ఆధారముగ గొని కొత్త నాటకము వ్రాయగా అది 1990లో డెర్రీ నగరమున ప్రదర్శింపబడెను. ఏండ్ల తరబడి వర్గకలహములతో నలిగిన ఆ ప్రాంతపు ప్రజలకు, మానని పుండును మోయుచున్న వీరుని కథ తమ కథగనే తోచెను.

ఒక విషయము మిగిలియున్నది. నియొప్టాలెమసు తరువాత ఏమయ్యెను? గ్రీకుల పురాణకథలలో ట్రాయ్ పతనమైన రాత్రి అతడు దేవతాపీఠమును ఆశ్రయించిన వృద్ధరాజు ప్రయామును కరుణ లేక చంపినట్లున్నది. నాటకమును చూచిన ఎథెన్సు ప్రజలందరు ఆ కథ నెరుగుదురు. అందుచే దేవతలయెడ భక్తి విడువవలదని హెరాక్లీసు పలుకగనే వారి గుండెలు గతుక్కుమనియుండును. లెమ్నాసు ద్వీపమున ఒక రోగిని చూచి కరగిన హృదయమే ట్రాయ్ నగరమున ఒక వృద్ధునియెడ శిలయగును. కవి ఈ మాటను వాచ్యము చేయలేదు, సూచించి విడిచెను. యుక్తవయస్సు ఒక్కనాటితో సిద్ధించు వస్తువు కాదు. ఒక పరీక్షలో గెలిచినవాడు మరియొక పరీక్షలో ఓడవచ్చును. ప్రతి దినము మనుష్యుడు తన సత్యమును తానే క్రొత్తగ సంపాదించుకొనవలెను.

రంగస్థలమున కవచములు ధరించి నిలిచిన ఆ తండ్రి లేని బాలురకు నగరము ఆయుధముల నిచ్చెను. వానిని ఎప్పుడు పట్టవలెను, ఎప్పుడు తిరిగి యిచ్చివేయవలెను అను వివేకమును సొఫొక్లీసు ఇచ్చెను.

ప్రశ్నలు

1. నియొప్టాలెమసు మొదట వంచనకు ఏల జంకెను? తరువాత ఏల ఒప్పుకొనెను?
2. విల్లు చేత చిక్కినను అతడు ఓడ నెక్కక నిలిచిపోవుటకు కారణమేమి?
3. తప్పును ఒప్పుకొనుటకును, తప్పును దిద్దుకొనుటకును గల భేదమును ఈ కథనుండి వివరింపుడు.
4. ఒడిస్సియసు కేవలము దుష్టుడు కాడని ఏల చెప్పబడెను? మీ యభిప్రాయమును వ్రాయుడు.
5. హేమనును, నియొప్టాలెమసును పోల్చి చూపుడు.